టోక్యో యాత్రకు పర్సనల్ లోనా? ముందు ఆరు నెలల నిధి మాటేమిటి?

ప్రశ్న: నా వయసు 36. ఐటీ ఉద్యోగం, కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్. నెలకు చేతికి రూ.95,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ రూ.34,000. కారు ఈఎంఐ రూ.11,000, అది ఇంకో పది నెలలు ఉంది. స్కూలు ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు రూ.35,000. మార్చిలో బోనస్ రూ.1.20 లక్షలు వస్తుంది. పొదుపు ఖాతాలో రూ.1.40 లక్షలు ఉన్నాయి. అమ్మకు బీపీ, షుగర్. ఇంట్లో అందరికీ కంపెనీ ఇచ్చిన రూ.5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. స్కూళ్లకు సెలవులు ఇవ్వగానే, ఏప్రిల్ నెలాఖరులో, నా భార్య, ఇద్దరు పిల్లలతో (9, 6 ఏళ్లు) పది రోజులు టోక్యో వెళ్లాలనుకుంటున్నాం. అంతా కలిపి రూ.6 లక్షలవుతుంది. బ్యాంకు యాప్‌లో 14 శాతం వడ్డీకి ప్రీ-అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. మూడేళ్లకు తీసుకోమంటారా, గోల్డ్ లోన్ మేలంటారా?

జవాబు: రెండూ వద్దు. నెలకు రూ.15,000 మిగులుతున్నాయి కదా, ఈఎంఐ ఎలాగోలా సర్దుకోవచ్చన్నది మీ ధీమా. మీలాంటి జీతం, మీలాంటి ఇంటి రుణం ఉన్న చాలామంది ఈ ధీమాతోనే దెబ్బతింటున్నారు. అందుకే మీ ప్రశ్నను తీసుకున్నాను.

రూ.6 లక్షలకు 14 శాతం చొప్పున 36 నెలలంటే ఈఎంఐ దాదాపు రూ.20,500. వడ్డీయే రూ.1.38 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే, దానిపై జీఎస్టీతో కలిపి రూ.14,160 ముందే కోసేస్తారు. మూడు ఈఎంఐలూ కలిస్తే రూ.65,500, అంటే జీతంలో 69 శాతం. మిగిలిన రూ.29,500తో రూ.35,000 ఇంటి ఖర్చు ఎలా గడుస్తుంది? కారు అప్పు తీరేదాకా నెలకు రూ.5,500 చొప్పున, పది నెలల్లో రూ.55,000 ఆ పొదుపు ఖాతా నుంచే తీయాలి. యాప్ ఈ లెక్క మీకు చూపించదు.

అసలు విషయం అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు అనగానే చాలామంది కిరాణా, కరెంటు, ఫీజులు కూడి ఆగిపోతారు. జీతం ఆగితే ఈఎంఐ ఆగదు. మీకు నెలకు కావాల్సింది రూ.35,000 కాదు, రూ.80,000. ఆరు నెలలకు రూ.4.80 లక్షలు. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది రెండు నెలలకు కూడా చాలదు. కొత్త లోన్ తీసుకుంటే నెలన్నర కూడా రాదు.

మీ రంగంలో ఉద్యోగం పోవడానికి ఒక్క మెయిల్ చాలు. కంపెనీ నుంచి రావాల్సిన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బు చేతికందేలోపే 5వ తేదీ వస్తుంది, ఇంటి రుణం మాండేట్ (ఈఎంఐని ఖాతా నుంచి తానే కోసుకునేందుకు మీరిచ్చిన అనుమతి) ఖాతాను తడుతుంది. సరిపడా డబ్బు లేకపోతే అప్పిచ్చిన సంస్థ బౌన్స్ చార్జీ వేస్తుంది, ఖాతా ఉన్న బ్యాంకు ఇంకో చార్జీ వేస్తుంది, పైగా క్రెడిట్ స్కోరు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కంపెనీ ఆరోగ్య బీమా కూడా ఆగిపోతుంది. అమ్మగారికి అప్పటికప్పుడు కొత్త పాలసీ తీసుకున్నా, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉండొచ్చు. ఆ గడియారం ఈ రోజే మొదలవ్వాలి. ఆమెకు విడిగా ఒక పాలసీ, మీ నలుగురికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే ఫ్లోటర్ పాలసీ తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో బీపీ, షుగర్ దాచకండి, దాస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది. ఇంటి రుణాన్ని మించిన టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ ఇప్పుడే తీసుకోండి. వీటన్నిటికీ నెలకు రూ.4,500 పక్కన పెడదాం. కొటేషన్లు ఎక్కువగా వస్తే యాత్ర బడ్జెట్ తగ్గించండి, బీమా మొత్తాన్ని కాదు.

నిధిలో ఒక నెల ఖర్చు పొదుపు ఖాతాలో, మిగతాది స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (పొదుపు ఖాతాకు ముడిపడిన ఫిక్స్‌డ్ డిపాజిట్) గానీ లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ రిస్కు మ్యూచువల్ ఫండ్) గానీ ఉంచండి. లిక్విడ్ ఫండ్‌లో వెంటనే తీసుకునే సదుపాయానికి రోజుకు ఒక పథకంలో రూ.50,000 పరిమితి ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

గోల్డ్ లోన్‌కు వడ్డీ తక్కువే, కానీ గడువు దాటితే నగలు వేలానికి వెళ్తాయి. ‘ఇప్పుడు ప్రయాణం, తర్వాత చెల్లింపు’ అన్నదీ అప్పే, క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. పీఎఫ్ జోలికి వెళ్లకండి.

టోక్యో మానుకోమనడం లేదు. ఇప్పుడున్న రూ.1.40 లక్షలకు ఈ మార్చి బోనస్, నెలకు రూ.10,500, కారు అప్పు తీరాక నెలకు రూ.21,500 జమ చేస్తూ పోతే 14 నెలల్లో నిధి పూర్తవుతుంది. అప్పటికి కారు ఈఎంఐ ఉండదు కాబట్టి, బీమా ప్రీమియంతో కలిపినా రూ.4.41 లక్షలు చాలు. ఆ తర్వాత అదే రూ.21,500ను రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 14 నెలల్లో రూ.3 లక్షలు, రెండు మార్చి బోనస్‌లతో కలిపి రూ.5.40 లక్షలు. అంటే ఈ వేసవి, వచ్చే వేసవి వదిలేసి ఆ పై వేసవికి వెళ్తారు. తిరిగొచ్చాక కట్టాల్సిన అప్పు ఉండదు.

రూ.6 లక్షల అంచనా కూడా తగ్గుతుంది. మీరు ఎంచుకున్న ఏప్రిల్ నెలాఖరు జపాన్‌లో గోల్డెన్ వీక్ సెలవుల సమయం. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా దేశమంతా ప్రయాణాల్లోనే ఉంటుంది, హోటల్ ధరలు మండిపోతాయి. మే రెండో వారానికి జరపండి. మన పిల్లలకు సెలవులే, అక్కడి వానాకాలం మొదలయ్యేది జూన్‌లో. ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ లెక్కలో ఉంటే తీసేయండి. 2023 అక్టోబర్‌లో దాని ధర పెద్దలకు 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలులో రానుపోను టికెట్లు విడిగా కొన్నా 28,000 యెన్‌ల చుట్టూ అవుతుంది. పిల్లలకు రెండిట్లోనూ సగమే. నగరంలో తిరగడానికి సుయికా లాంటి ప్రీపెయిడ్ ప్రయాణ కార్డు చాలు. విమానం దూరంగా ఉన్న నరిటా విమానాశ్రయంలో కాక, దగ్గర్లోని హనేడాలో దిగితే ఊళ్లోకి వెళ్లే ఖర్చూ, సమయమూ కలిసొస్తాయి. అక్కడ మామూలు క్రెడిట్ కార్డు గీస్తే 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చుపై వేసే చార్జీ), దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే లక్షకు నాలుగు వేలకు పైనే. మార్కప్ లేని కార్డు ముందే చూసుకోండి. హైదరాబాద్ నుంచి టోక్యోకు నేరుగా విమానం లేదు కాబట్టి ఢిల్లీ మీదుగా వెళ్లినా, సింగపూర్ మీదుగా వెళ్లినా మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్‌లో (ఒకే బుకింగ్ నంబరు కింద) ఉండాలి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే నలుగురి టికెట్లూ మీ సొంత ఖర్చుతో మళ్లీ కొనాల్సిందే.

వీసాకు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు చూపించాలి. నెలనెలా పెరిగిన నిల్వకు ఎవరూ వివరణ అడగరు. నిన్న మొన్న ఒక్కసారిగా పడిన ఆరు లక్షల లోన్‌కు అడుగుతారు. వీసా రాకముందే డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనకండి. టికెట్ బుక్ చేసిన రోజే నలుగురికీ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, రద్దు రక్షణ అప్పటినుంచే వర్తిస్తుంది. కంపెనీ పాలసీ సాధారణంగా విదేశంలో పనికిరాదు, జపాన్ ఆసుపత్రిలో పర్యాటకులు మొత్తం బిల్లు తామే కట్టాలి. వైద్య ఖర్చులకు మనిషికి కనీసం 50,000 డాలర్ల కవర్ ఉండేలా చూసుకోండి.