కామిక్ లేని ప్రకటన

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. దానితో పంపిన పదకొండు పేజీలూ, ఇంటర్నెట్‌లో నువ్వు నడిపే కామిక్ (బొమ్మల కథ) వందో ఎపిసోడ్ రోజున పెట్టబోతున్న ప్రకటనా చూశాను. పేజీల సంగతి తర్వాత. ఆ ప్రకటన చూసి మాత్రం నాకు ఒళ్లు మండింది. పాత్రలన్నీ వరసగా నిలబడి కేక్ కోస్తున్నాయి. పైన పెద్దక్షరాల్లో ‘100 ఎపిసోడ్లు! 10,000 మంది ఫాలోయర్లు! కొత్త సిరీస్ త్వరలో!’ అని. కింద ‘లింక్ బయోలో’ అని. ఇందులో కామిక్ ఎక్కడుందమ్మా?

ఆ బొమ్మలో ఉన్న ఏడుగురూ ఎవరో నీ పాత పాఠకులకు తెలుసు. వాళ్లు నువ్వు పిలవకపోయినా వస్తారు. కొత్తగా చూసేవాడికి అది పక్కింటివాళ్ల పెళ్లి ఫొటో. ఒకసారి చూసి తిప్పేస్తాడు. వందో ఎపిసోడ్ రోజున నిన్ను మామూలు కన్నా ఎక్కువమంది చూస్తారు, పాతవాళ్లు అభిమానంతో పదిమందికి పంపుతారు కాబట్టి. అలాంటి రోజున, చదవడానికి ఏమీ లేని బొమ్మ పెట్టుకుని కూర్చున్నావు.

నేను దీన్నే పట్టుకుని వేలాడతానని అందరూ అంటారు. అననీ. కామిక్ గురించి పెట్టే ప్రకటన ఏదైనా సరే, అదీ చదివించే కామిక్కే అయ్యుండాలి. పండగైనా, పుస్తకమైనా, కొత్త సిరీస్ అయినా అంతే. పాటగాడు కచేరీకి పిలిచేటప్పుడు ఒక చరణం పాడి పిలుస్తాడు, తన గొంతుకు ఎన్ని చప్పట్లు పడ్డాయో లెక్క చెప్పి పిలవడు.

ఎలా చెయ్యాలో చెప్తాను. వంద ఎపిసోడ్లలోంచి ఒక సన్నివేశం తీసుకో. దాని మొదలూ చివరా వదిలేసి, మధ్యలోంచి నాలుగైదు ప్యానెళ్లు (బొమ్మల గడులు) కత్తిరించి తీసుకో. ఆఖరి ప్యానెల్ ఒక ప్రశ్న దగ్గరో, ఒక తలుపు తెరుచుకునే చోటో ఆగాలి. ఇన్‌స్టాగ్రామ్ కోసమైతే ఒక్కో ప్యానెల్‌నూ 1080 × 1350 పిక్సెళ్ల బొమ్మగా పెట్టు, మాటలూ ముఖాలూ పక్క అంచులకు దూరంగా ఉండాలి, ఎందుకంటే ప్రొఫైల్‌లో చిన్నగా కనిపించేటప్పుడు ఆ అంచులు తెగుతాయి. అక్కడ క్యాప్షన్‌లో ఇచ్చిన లింకు నొక్కితే తెరుచుకోదు. అందుకే ఆఖరి బొమ్మ మీదే ఎక్కడ చదవాలో చిన్న చిరునామా రాసెయ్యి. బయోలో ఉన్న లింకు మాత్రం తిన్నగా మొదటి ఎపిసోడ్‌కే పోవాలి. నీది ఇప్పుడు తొమ్మిది బటన్లున్న ఒక పేజీకి పోతోంది: దుకాణం, చందా, వీడియోలు, ఇంటర్వ్యూ, ఇంకా ఏవేవో. కామిక్ ఆరో బటన్. నేనే వెతుక్కోవాల్సొచ్చింది.

‘100’ అన్న అంకె వెయ్యొద్దనను. ఆఖరి బొమ్మలో ఓ మూల వేసుకో.

ఇక ఆ పదివేల సంగతి. నీ ఎపిసోడ్ల లెక్కలు కూడా పంపావు, మంచి పని చేశావు, కానీ వాటిని నువ్వు చూసుకున్నట్టు లేదు. మొదటి ఎపిసోడ్ 4,000 మంది తెరిచారు. రెండోది 1,400. మూడోది 1,250. పదోది 1,100. అంటే మూడో ఎపిసోడ్ దాటినవాళ్లు దాదాపు అందరూ నీతోనే ఉన్నారు. కథ బాగానే లాగుతోంది. మొదటి దానికీ రెండోదానికీ మధ్యే ప్రతి వందమందిలో 65 మంది జారిపోతున్నారు. ఆ కన్నం పూడ్చకుండా ప్రకటనలు ఎన్ని పెట్టినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఫాలోయర్ల సంఖ్య ఈ జబ్బును చూపించదు.

మొదటి ఎపిసోడ్‌లో నాకు రెండు తప్పులు కనిపించాయి. ఒకటి, మొదటి తొమ్మిది ప్యానెళ్లూ ఆకాశం, ఊరు, చరిత్ర చెప్పే పెట్టెలు. మనిషి ముఖం పదో ప్యానెల్‌కి గానీ రాదు. ఆ తొమ్మిదీ తీసెయ్యి, కథకేమీ కాదు. చరిత్ర ఏడో ఎపిసోడ్‌లో ఎలాగూ మళ్లీ చెప్పావు.

రెండోది లెటరింగ్, అంటే బొమ్మల్లో మాటలు రాసే పని. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. నీ కాన్వాస్ వెడల్పు 800 పిక్సెళ్లు, అక్షరం సైజు 24. నువ్వు పెద్ద తెర మీద పని చేస్తావు గనక అది నిండుగా కనిపిస్తుంది. ఫోన్‌లో ఆ 800 వెడల్పూ దాదాపు సగానికి కుంచించుకుపోతుంది, అంటే నీ 24 అక్కడ 12 అవుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు అది ఎలాగో సరిపోతుందేమో. తెలుగుకు చాలదు. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద వత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఎన్ని అంతస్తులున్నాయో చూడు. 800 వెడల్పుకు 36 కన్నా తగ్గకు. వరసల మధ్య దూరం అక్షరం సైజుకు 1.4 రెట్ల నుంచి 1.5 రెట్లు ఉంచు, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుంటాయి. నీ 4వ పేజీలో ‘ఉద్యోగం’, దాని కింద ‘వీధి’ అలాగే కలిసిపోయాయి.

అక్షరం పెద్దదైతే బెలూన్ (మాటలుండే బుడగ) నిండిపోతుంది కదా అంటావు. నిండిపోతుంది. మాటలు తగ్గించు. ఒక బెలూన్‌కు పది, పన్నెండు మాటలు చాలు, అంతకు మించితే రెండు బెలూన్లు చెయ్యి. తెలుగు మాట పొడవు గనక దాన్ని వరస చివర విరగ్గొట్టాలనిపిస్తుంది. విరగ్గొట్టకు, వాక్యాన్నే మార్చు. వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయంటే తప్పు ఫాంట్‌ది కాకపోవచ్చు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగ్స్‌కి వెళ్లి, మన లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకో. ఏ ఫాంట్ వాడినా యూనికోడ్‌దే (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) వాడు. అచ్చుపని కోసం చేసిన పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన సంభాషణను రేపు ఎవరూ వెతకలేరు, అనువదించడానికీ పనికిరాదు, ఫాంట్ మారిస్తే గజిబిజి అవుతుంది.

ఇంకొకటి. రాత్రి సన్నివేశంలో ముదురు నీలం మీద ఎర్రక్షరాలు వేశావు. నీ దగ్గరున్న ఫైల్లో అవి చక్కగానే ఉంటాయి. దాన్ని జేపెగ్ (బొమ్మను కుదించే ఫైలు రకం) చేసేటప్పుడు వెలుగునీడలను పూర్తిగా ఉంచి, రంగును మాత్రం సాధారణంగా సగం వివరంతోనే ఉంచుతారు. ఎరుపుకూ నీలానికీ మధ్య వెలుగులో తేడా తక్కువ కాబట్టి అక్షరం అంచు మొత్తం రంగు మీదే ఆధారపడి ఉంటుంది, అది కాస్తా అలుక్కుపోతుంది. ముదురు నేల మీద తెల్లక్షరం పెట్టు. లేదా చదును రంగులున్న బొమ్మలను, వివరం పోగొట్టని పీఎన్‌జీ ఫైలుగా సేవ్ చెయ్యి.

మొదటి ఇరవై ఎపిసోడ్లలో బొమ్మలు బాగోలేవు, మళ్లీ గీయనా అని అడిగావు. వద్దు. ఆ తొమ్మిది ప్యానెళ్లు కొయ్యి, మొదటి మూడు ఎపిసోడ్ల లెటరింగ్ మార్చు, అక్కడితో ఆపు. పుల్లలకు తలలు తగిలించినట్టుండే మనుషులతో ‘ఆర్డర్ ఆఫ్ ది స్టిక్’ నడిపిన రిచ్ బర్లూ 2012లో పాత సంపుటాల పునర్ముద్రణకు, జనం నుంచి డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైటులో 57,750 డాలర్లు అడిగాడు. 14,952 మంది కలిసి 12,54,120 డాలర్లు ఇచ్చారు. అప్పటికి ఆ కామిక్ వెబ్‌లో మొదలై ఎనిమిదేళ్లు దాటింది, మొదటి పేజీ నుంచీ ఉచితంగా చదువుకోవచ్చు. ఆ ఉదాహరణలో రెండో సగం కూడా విను: ఎక్కువ డబ్బొస్తే అదనంగా ఇస్తానన్న చిన్న కథలు పూర్తి కావడానికి ఏళ్లు పట్టింది. నువ్వూ ఇలాగే దాతల డబ్బుతో వేద్దామనుకుంటున్న పుస్తకం ప్లాన్‌లో పోస్టర్, స్టిక్కర్లు, కీచైన్, ప్రతి దాతకూ చేత్తో గీసిన బొమ్మ అని రాశావు. ఒక్కో బొమ్మకు అరగంట చొప్పున 300 మందికి 150 గంటలు. ఆ 150 గంటలూ కొత్త సిరీస్‌లోంచే పోతాయి. చేతిబొమ్మ కావాలంటే ఇరవై మందికి పరిమితం చెయ్యి, కీచైన్ మర్చిపో.

పుస్తకం గురించి అసలు చేదు కబురు వేరే ఉంది. నువ్వు తిన్నగా 800 వెడల్పు కాన్వాస్ మీదే గీశావు. ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 800ని 300తో భాగిస్తే అంగుళాలు రెండున్నర దాటి కాస్త, అంటే 6.8 సెంటీమీటర్లు. నువ్వు కోరుతున్న ఏ5 సైజుకు (ఏ4 కాగితంలో సగం), చుట్టూ కోతకు వదిలే 3 మిల్లీమీటర్లతో కలిపి, పేజీకి దాదాపు 1820 × 2550 పిక్సెళ్లు ఉండాలి. నీ దగ్గర అందులో సగం కూడా లేవు. సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తే గీతలు సబ్బు రాసినట్టు అవుతాయి. దారి ఒకటే కనిపిస్తోంది నాకు: అందులో సగమైన ఏ6 సైజు పుస్తకం. బొమ్మ వెడల్పు 9 సెంటీమీటర్లు పెట్టుకుంటే అంగుళానికి 225 చుక్కల దాకా వస్తాయి, నీ మెత్తటి రంగులకు అది ఫరవాలేదు. అక్షరాలు మాత్రం బొమ్మలోంచి తీసేసి, మళ్లీ వెక్టార్‌గా, అంటే ఎంత పెంచినా అంచు చెదరని గీతలుగా, వెయ్యాలి. బెలూన్లను విడి లేయర్‌లో, అంటే బొమ్మ మీద వేరే పొరలో, ఉంచుకున్నావని ఆశిస్తున్నాను. పైనుంచి కిందికి జారే కథలో ఖాళీ జాగాయే సమయం. పుస్తకంలో ఆ ఖాళీ ఉండదు, దాని బదులు పేజీ తిప్పడం ఉంటుంది. కాబట్టి ఉలిక్కిపడాల్సిన ప్యానెల్ ఎప్పుడూ ఎడమ పేజీలో మొదట రావాలి.

కొత్త సిరీస్‌ను ఈరోజు నుంచే 2400 వెడల్పులో గీయి. పంపేటప్పుడు 800కి తగ్గించి, సైటు అడిగిన ఎత్తుకు ముక్కలు కొయ్యి, కోత బెలూన్ మధ్యలోంచి పోకుండా చూసుకో. ఎనిమిది ఎపిసోడ్లు పూర్తిగా చేతిలో లేకుండా తేదీ ప్రకటించకు. మొదటి రోజు మూడు ఎపిసోడ్లు ఒకేసారి పెట్టు. ఒక్కటే పెడితే చదివినవాడు బాగుందనుకుని మర్చిపోతాడు. ఆ తర్వాత వారానికొకటి. చేతిలో నిలవ మూడుకు పడిపోతే, ఒక వారం సెలవని ముందే చెప్పి ఆగు. చెప్పకుండా ఆగిపోతే పాఠకుడు పోతాడు, చెప్పి ఆగితే ఉంటాడు.

పాత ప్రకటనలో ‘త్వరలో’ అని రాశావు. తేదీ లేని ‘త్వరలో’ను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మొదటి మూడు ఎపిసోడ్లలోనే ఒక ప్రేమ, ఒక ప్రతీకారం, ఒక ఉత్కంఠ పడాలని ఎవరో ఎడిటర్ చెప్పాడని రాశావు. ఈ జాతి ఎడిటర్లు ప్రతి తరంలోనూ ఉంటారు. ఒకప్పుడు రంగులుంటేనే కామిక్ అన్నారు, తర్వాత నిలువుగా ఉంటేనే కామిక్ అన్నారు, ఇప్పుడు ప్రతీకారం అంటున్నారు. డబ్బివ్వకుండా ‘పేరొస్తుంది కదా’ అనేవాళ్లూ వీళ్లే. ఒప్పందం కాగితం చేతికిస్తే మాత్రం నాలుగు విషయాలు చూడు: హక్కులు ఎన్నేళ్లకు, వేరే చోట పెట్టుకోవడానికి నీకు వీలుందా, అనువాద హక్కులూ సినిమా హక్కులూ విడిగా రాశారా, వాళ్లు ఆపేస్తే హక్కులు ఎన్నాళ్లకు నీ దగ్గరికి తిరిగొస్తాయి. నాలుగోది లేని కాగితం మీద సంతకం పెట్టకు.

టాబ్లెట్ గురించి, ఏజెంట్ గురించి అడిగినవాటికి జవాబు రాయడం లేదు.

9వ పేజీలో మూడో ప్యానెల్. ముసలాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉంటాడు, వెనక కిటికీలోంచి బస్సు వెళ్లిపోతుంటుంది, ఒక్క మాట లేదు. బాగుంది. కేక్ బొమ్మ తీసేసి, వందో ఎపిసోడ్ రోజున దాన్నే మొదటి బొమ్మగా పెట్టు. దాని ముందు ప్యానెల్‌లో అమ్మాయి అన్న ‘ఇక రాదు తాతా’ మాత్రం కనిపించనివ్వకు, అది ఎపిసోడ్‌లోనే ఉండనీ. అన్నట్టు, ఆయన పేరేమిటో పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. మర్చిపోయి ఉంటే పేరు పెట్టు. కావాలనే అయితే ఎవరడిగినా చెప్పకు, నేనడిగినా సరే.

ఆశీస్సులతో.