లివర్‌కి పాకిందంటే పైపొర మీదా, లోపలా? ముందు అది తేల్చుకోండి

అమ్మగారికి అండాశయ క్యాన్సర్ అని, స్కాన్‌లో లివర్ దగ్గర కూడా గడ్డలు కనిపించాయని, ఇక ఆశ ఉందా అని అడిగారు. రిపోర్టులో ‘లివర్’ అన్న మాట చూడగానే చాలా కుటుంబాలు కుంగిపోతాయి. కానీ ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు పరిస్థితులు ఉంటాయి.

అండాశయం నుంచి రాలిన కణాలు కడుపులోని నీటితో పాటు తిరుగుతాయి. ఆ నీరు ఎక్కువగా కుడి పక్క నుంచి పైకెళ్లి డయాఫ్రం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొర) కింద చేరుతుంది కాబట్టి లివర్ పైపొర మీద గడ్డలు అంటుకోవడం మామూలే. ఇది 3సి దశ. రక్తం ద్వారా వెళ్లి లివర్ కండలోనే గడ్డ పుడితే 4బి. పైపొర మీదివాటిని సర్జన్ చాలాసార్లు ఒలిచి తీసేయగలరు. లోపలివి ఒకటి రెండు ఉండి, అనువైన చోట ఉంటే ఆ భాగం కోసి తీస్తారు. రెండు పక్కలా చాలా ఉంటే కీమో మీదే ఆధారపడాలి. అందుకే డాక్టర్‌ని ముందు అడగాల్సింది: “పైపొర మీదా, లోపలా? ఎన్ని?”

లివర్‌లో కనిపించే ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. నీటి తిత్తులు, రక్తనాళాల ముద్దలు (హెమాంజియోమా) సీటీలో ఒక్కోసారి అలాగే కనిపిస్తాయి. అనుమానముంటే ఎమ్మారై, అవసరమైతే బయాప్సీ చేస్తారు. సీఈఏ అనే రక్తపరీక్ష (పేగు క్యాన్సర్లలో తరచూ పెరిగేది) కూడా చేశారేమో చూడండి. పేగు, జీర్ణాశయ క్యాన్సర్లు కూడా లివర్‌కీ అండాశయాలకీ పాకుతాయి, వాటి మందులు వేరు.

చికిత్సలో ఎక్కువగా వాడే జోడీ కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. సాధారణంగా మూడు వారాలకోసారి, మొత్తం ఆరు సైకిళ్లు. మొదటే అంతా తీయలేమనిపిస్తే మూడు సైకిళ్లు ఇచ్చి, ఆపరేషన్ చేసి, మిగతావి తర్వాత ఇస్తారు. ఆపరేషన్‌లో కంటికి కనిపించే గడ్డ ఏదీ మిగలకపోవడం ఫలితాన్ని బాగా మార్చే విషయం. కాబట్టి ఈ ఆపరేషన్లు తరచూ చేసే గైనిక్ ఆంకాలజీ సర్జన్‌నే వెతకండి, ఇందులో మొహమాటపడొద్దు. పాక్లిటాక్సెల్‌ని విరిచేది లివరే కనుక బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) పెరిగితే మోతాదు తగ్గించాల్సి వస్తుంది. ‘లివర్‌కి మంచిది’ అని ఎవరో ఇచ్చే పొడులు, కషాయాలు డాక్టర్‌కి చెప్పకుండా వేయకండి.

బీఆర్‌సీఏ జీన్ పరీక్ష (వంశపారంపర్యంగా వచ్చి రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచే జన్యులోపం ఉందేమో చూసేది) మొదట్లోనే అడగండి. పాజిటివ్ వచ్చి, కీమోకి గడ్డలు లొంగితే ఒలాపారిబ్ లాంటి మాత్రలు జబ్బు తిరగబెట్టడాన్ని బాగా వెనక్కి నెడతాయి. ఫలితం కూతుళ్లకీ అక్కచెల్లెళ్లకీ పనికొస్తుంది.

ఇక ఎన్నాళ్లన్న ప్రశ్న. పొత్తికడుపు దాటి విస్తరించాక బయటపడినవారందరినీ కలిపి చూస్తే, అయిదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు 100లో సుమారు 30 మంది. లివర్ లోపలికి పాకినవారికి అంతకన్నా తక్కువ. పూర్తిగా నయం కావడం అరుదే, ఆ మాట దాచను. అయితే ఆ లెక్కల్లో చాలామందికి ఈ కొత్త మాత్రలు అందలేదు. అమ్మగారి దారి ఎటో చెప్పేది కీమో స్పందన. చివరి కార్బోప్లాటిన్ తర్వాత ఆరు నెలలు దాటి జబ్బు తిరిగొస్తే అదే తరహా మందు మళ్లీ పనిచేసే అవకాశం ఎక్కువ. అంతకన్నా ముందే వస్తే కష్టం. సీఏ 125 (ఈ జబ్బు తీరు గమనించే రక్తపరీక్ష) ఒక్కసారి పెరిగిందని కంగారు పడొద్దు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్లు పెరుగుతుంది. వరుసగా ఎటు నడుస్తోందో చూడాలి.

ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. కీమో రోజుల్లో 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరమొస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కళ్లు పచ్చబడటం కన్నా ఈ జబ్బులో తరచూ ఇబ్బంది పెట్టేది పేగు మూసుకుపోవడం: ఆగని వాంతులు, కడుపు బిగిసి ఉబ్బడం, గాలి కూడా పోకపోవడం. అప్పుడు నోటి ద్వారా ఏమీ పెట్టకుండా, విరేచనాల మందు వేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.