డిప్లొమా చదివినవాడు డాబా ఎక్కితే పరువు పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేశాడు. బీటెక్ వద్దంటున్నాడు. ఇళ్లలో కరెంటు ఖర్చు తగ్గించే పని, సోలార్ పని నేర్చుకుంటాడట. ద్వారకానగర్‌లో ఆరు నెలల ‘హోమ్ ఎనర్జీ కన్సల్టెంట్’ కోర్సుకు 85 వేలు అడుగుతున్నారు. అది మంచిదా, ఈసెట్ రాయించి బీటెక్ చదివించడం మంచిదా? పోల్చి చెప్పండి. రేపు చుట్టాల్లో తలెత్తుకోవాలి కదా. - ఒక తండ్రి, గోపాలపట్నం

అయ్యా, మీ చివరి వాక్యమే అసలు ప్రశ్న. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఈ వాక్యం లేని ఉత్తరం నాకు తక్కువే వస్తుంది.

ఈసెట్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు ఆ 85 వేలు కట్టకండి. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఎనర్జీ ఆడిటర్ (కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నాయో లెక్కగట్టి చెప్పేవాడు) అనిపించుకోవాలంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పరీక్ష నెగ్గాలి, అంతకుముందు కొన్నేళ్ల పని అనుభవం చూపించాలి. ఆరు నెలల్లో తేలే వ్యవహారం కాదు. పైగా వాళ్లకు పని ఎక్కువగా స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ లాంటి చోట్లే. డబుల్ బెడ్‌రూమ్ ఇంటాయన ఆడిట్‌కని ఫీజు ఎందుకిస్తాడు? ఆయనకు కావలసింది బిల్లు తగ్గడం. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగితే తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు లాగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఈ లెక్క మీవాడికి డిప్లొమాలోనే వచ్చేసింది.

సోలార్ మీదా నాకు అనుమానాలున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం మొదలై, మూడు కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ అనేసరికి అందరి చూపూ డాబాల మీద పడింది. ఆ పథకానికి ఆమోదం 2026-27 వరకు. సబ్సిడీ చూసి వచ్చిన గిరాకీ అది పోయాక కూడా ఇలాగే ఉంటుందని నేను పూచీ పడలేను. ఇంకోటి, ఇందులో కుర్రాళ్లకు ముందుగా దొరికేవి అమ్మకాల ఉద్యోగాలు. టార్గెట్ ఇచ్చి అపార్ట్‌మెంట్ల చుట్టూ తిప్పుతారు. మీవాడు నేర్చుకుంటానన్నది అది కాదనుకుంటాను.

ఎంవీపీ కాలనీలో మా ఇంటి మీదా ప్యానెళ్లున్నాయి. పెట్టినవాళ్లు (పేరెందుకులెండి) ఒక్క పూటలో బిగించి, ఫొటో తీసుకుని పోయారు. ఏడాది తిరక్కుండా సముద్రపు గాలికి బోల్టులు తుప్పెక్కి గోడ మీద గోధుమరంగు చారలు కట్టాయి. యూనిట్లూ తగ్గాయి. ఫోన్ చేస్తే “మబ్బులండీ” అన్నారు. చివరికి కంచరపాలెంలో ఐటీఐ చదివిన కుర్రాడొకడు వచ్చాడు. సంచిలోంచి ఒక్క పనిముట్టూ తీయకుండా మూడింటిదాకా పిట్టగోడ మీద కూర్చున్నాడు. మూడు దాటాక నీళ్ల ట్యాంకు నీడ జరిగి జరిగి ఒక ప్యానెల్ మూల మీద పడింది. “ఇదే సార్, వరసంతటినీ కిందకి లాగేస్తాది” అన్నాడు. రెండు ప్యానెళ్లు పక్కకు జరిపాడు, స్టెయిన్‌లెస్ బోల్టులు వేశాడు, ఎర్తింగ్ మళ్లీ చేశాడు. మంచినీళ్లు తాగుతూ, మా ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైందని కూడా చెప్పాడు! కరెంటు ఆదా చేసేవాడికి ఉండాల్సిన చూపు అది. హుద్‌హుద్ తుపానుని చూసిన ఊరు మన విశాఖ. గాలికి నిలిచేలా ఫ్రేము బిగించడం తెలిసినవాణ్ణి సబ్సిడీ ఉన్నా లేకపోయినా పిలుస్తారు.

ఇక ఒక మాట, కోపం తెచ్చుకోకండి. బీటెక్ ఎందుకు వద్దంటున్నాడో మీరు రాయలేదు. అసలు అడిగారా? ఇంట్లో ఫ్యూజు పోతే వాణ్ణే కేకేస్తారు. అదే పని పక్కింట్లో చేసి డబ్బు తెస్తానంటే పరువు గుర్తొస్తుందా? ఇష్టం లేని బీటెక్‌లో బ్యాక్‌లాగులు పోగేసుకున్న పిల్లల తండ్రులూ నా ఎదుటి కుర్చీలోనే కూర్చుంటారు. వాళ్ల టెన్షన్ మీకు రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పోలిక అడిగారు గానీ నాకు పోల్చాలనిపించడం లేదు. ఈసెట్ వచ్చే ఏడాదీ ఉంటుంది. ఈ ఏడాది సూర్యఘర్ పోర్టల్లో నమోదైన చిన్న సంస్థ ఏదైనా చూసి చేరనివ్వండి. జీతం కంటే ముందు నేర్పే మేస్త్రీ ఎవరో కనుక్కోండి. ఎత్తు మీద పనికి ఒంటికి కట్టుకునే సేఫ్టీ హార్నెస్ ఇవ్వని చోట ఒక్క రోజు కూడా వద్దు. ప్రభుత్వ శిక్షణ బ్యాచ్‌లేమైనా పడుతున్నాయేమో రాష్ట్ర ప్రభుత్వ సోలార్, పవన విద్యుత్ సంస్థ ఎన్ఆర్ఈడీక్యాప్ జిల్లా ఆఫీసులో అడగమనండి. వైరింగ్ పనికి కావలసిన ఎలక్ట్రికల్ పర్మిట్ సంగతీ ఇప్పుడే మొదలెట్టాలి.

ఆ 85 వేలలో కొంత తీసి తీగ విప్పకుండానే కరెంటు కొలిచే మంచి క్లాంప్ మీటరు, టూల్ కిట్టు కొనివ్వండి. మొదటి ఇల్లు మీదే అవ్వాలి. రెండు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టి చూసి, ఈసారి ఉత్తరం వాడితోనే రాయించండి.