ఎట్‌సీడీకి మేం రాసుకున్న కమాండ్ లైన్ టూల్‌ని ఎక్కణ్ణుంచి బాగుచేయాలి?

టూల్ స్లోగా ఉంది, టీమ్‌లో ఎవరూ వాడట్లేదు, కలర్లు, ఆటోకంప్లీట్ పెడితే వాడతారా అని అడిగారు. అవి తర్వాత చూసుకోవచ్చండీ. ఎట్‌సీడీ అంటే సెట్టింగుల్లాంటివి కీ, విలువ జతలుగా కొన్ని సర్వర్ల గుంపులో (క్లస్టర్‌లో) దాచే డేటాబేస్ కదా, ముందు మీ టూల్ ఏ క్లస్టర్‌తో మాట్లాడుతోందో, ఎన్ని కీల మీద చెయ్యి వెయ్యబోతోందో ఎంటర్ కొట్టకముందే మనిషికి కనబడేలా చేయండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే.

అప్పట్లో మా ఆఫీసు బెంగళూరు మారతహళ్లిలో. శుక్రవారం సాయంత్రం, రాత్రికి మడివాళలో అనంతపురం బస్సెక్కాలి, ఆ తొందరలో 'పే' అనే పాత సర్వీసు సెట్టింగులు తీసేద్దామని /కాన్ఫిగ్/పే అని ఇచ్చి ప్రిఫిక్స్ ఆప్షన్‌తో (అంటే అలా మొదలయ్యే కీలన్నీ) డిలీట్ కొట్టాను. చివర స్లాష్ పెట్టలేదు. వెర్షన్ 3 నుంచి ఎట్‌సీడీలో ఫోల్డర్లు అనేవే లేవు, కీ మొదట్లోని బైట్లు కలిశాయా లేదా అన్నదే లెక్క, మరి /కాన్ఫిగ్/పేరోల్ కూడా 'పే'తోనే మొదలవుతుంది కదా! స్క్రీన్ మీద 212 అని ఒక్క అంకె వచ్చింది, అంతే. పోవాల్సినవి 18. బస్సు సంగతి ఇక అడక్కండి.

బతికిపోయింది ఎలాగంటే, ఎట్‌సీడీ ప్రతి మార్పుకీ రివిజన్ అని ఒక వరస నంబర్ వేస్తుంది, పాత రివిజన్లను కంపాక్షన్ (పాతవి చెరిపేయడం) అయ్యేదాకా ఉంచుకుంటుంది, మా దగ్గర ఆ గడువు గంట. పక్క సీటు అన్న వచ్చి, కొంచెం పాత రివిజన్ నుంచి వాచ్ పెట్టమన్నాడు. జరిగిన మార్పులన్నీ వరసగా మళ్లీ వచ్చాయి, ప్రిఫిక్స్ డిలీట్ మొత్తం ఒకే రివిజన్ కింద పడుతుంది కాబట్టి దానికి ఒకటి ముందు రివిజన్‌తో గెట్ చేసి, పేరోల్ కీలు మళ్లీ పుట్ చేశాం. కంపాక్షన్ అయిపోయుంటే పాత స్నాప్‌షాట్ (బ్యాకప్) వెతుక్కోవాల్సిందే.

ఆ సోమవారమే మా టూల్ మార్చాం. డిలీట్ అంటే ముందు క్లస్టర్ పేరు, కీల సంఖ్య, మొదటి ఐదు, చివరి ఐదు కీలు చూపిస్తుంది. ప్రొడక్షన్ అయితే 'వై' కొడితే ఒప్పుకోదు, ఆ సంఖ్యే టైప్ చేయాలి, ఎందుకంటే 'వై' చేతికి అలవాటైపోతుంది. తీసేశాక రివిజన్ నంబర్ కూడా ప్రింట్ చేస్తుంది, ఆరోజు దానికోసమే కదా అంత వెతుకులాట.

ఇక స్లో అన్నారు కదా. బహుశా లిస్ట్ కమాండ్ విలువలతో సహా అన్నీ ఒకేసారి లాగుతూ ఉండొచ్చు. కీలు మాత్రమే అడగండి, అదీ 500 చొప్పున, మొదటి జవాబులో వచ్చిన రివిజన్నే మిగతా పేజీలన్నిటికీ ఇవ్వండి, లేకపోతే మధ్యలో ఎవరైనా మార్చినప్పుడు లిస్టు అతుకులబొంత అవుతుంది. ఆటోకంప్లీట్‌కి సీరియలైజబుల్ రీడ్ చాలు, అంటే అడిగిన సర్వర్ తన దగ్గరున్నదే ఇచ్చేస్తుంది, కొంచెం పాత డేటా వస్తే రావచ్చు గానీ కోరం (సగానికి పైగా సర్వర్ల ఒప్పుకోలు) కోసం ఆగదు.

ఎడిట్ కమాండ్ ఉంటే, తెరిచినప్పటి మాడ్ రివిజన్ (ఆ కీ చివరిసారి మారిన రివిజన్) గుర్తుపెట్టుకుని అది మారకపోతేనే ట్రాన్సాక్షన్‌లో రాయండి. ఇద్దరు ఒకే కీ తెరిస్తే రెండోవాడు మొదటివాడి పని తుడిచేయడం మామూలే.

ఇంకోటి, 'కాంటెక్స్ట్ డెడ్‌లైన్ ఎక్సీడెడ్' (గడువు దాటిపోయింది) అని మాత్రం యూజర్ మొహాన కొట్టకండి. దాంతో ఎవడికేం తెలుస్తుంది? టైమౌట్ అయితే టూలే ఒక్కో ఎండ్‌పాయింట్‌ని (సర్వర్ అడ్రస్‌ని) సీరియలైజబుల్ రీడ్‌తో విడిగా అడగాలి. జవాబు వచ్చిందంటే నెట్‌వర్క్ బాగానే ఉంది, అనుమానం కోరం మీద, అంటే మూడు సర్వర్లుంటే రెండు పడిపోయి ఉండొచ్చు. ఎక్కడినుంచీ రాకపోతే ముందు వీపీఎన్ చూసుకోమనండి, మా దగ్గర సగం సార్లు అదే.