లేఅవుట్ వేస్తున్నావంట కదా, అల్లుడూ

నంద్యాల రోడ్డు పక్కన జేజినాయన చేను లేఅవుట్ వేస్తున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. సంతోషం లేక కాదు, మన ఇంట్లోంచి ఒకడు పదిమందికి స్థలం చూపించే స్థితికి వచ్చాడు కదా అని గర్వంగానే ఉంది. కానీ నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఫైళ్లు రాసిన మనిషిని, ఏ కాగితం ఎవరి ఇల్లు గుల్ల చేసిందో చూసినదాన్ని. సగం చదివి పక్కన పడేశావంటే ఊరుకోను.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. కుడా, అదే కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ, మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో మొదట చూసుకో, వ్యవసాయ జోన్ అయితే భూ వినియోగ మార్పుకు దరఖాస్తు వేరే, ఫీజు వేరే. పనులు పూర్తి చేస్తావన్న పూచీకి తనఖా పెట్టించుకునే 15 శాతం ప్లాట్లు రోడ్లూ కాలువలూ పూర్తయ్యేదాకా వదలరు, వాటి మీద అడ్వాన్సులు తీసుకోవద్దు. ఫీజు తగ్గిస్తానని వచ్చేవాణ్ని గేటు దగ్గరే పంపించెయ్.

అసలు సంగతి పార్కు. మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలం వదిలి, గిఫ్ట్ డీడ్, అంటే దానపత్రం, రిజిస్టర్ చేసి అప్పగించాలి. ఇది వినగానే నీకు ఏ లెక్క మొదలవుతుందో నాకు తెలుసు, మీ మామకూ అదే మొదలైంది.

ఆయన వెంచర్ వేసినప్పుడు బ్రోచర్‌లో పచ్చ రంగు వేయించి, కొనేవాళ్లకు "ఇదిగో పార్కు" అని వేలు పెట్టి చూపించాడు. అనుమతీ లేదు, గిఫ్ట్ డీడూ లేదు. వద్దని నేను ఎంత మొత్తుకున్నా, ఆఫీసు మాటలు ఇంట్లో చెప్పొద్దన్నాడు. తర్వాత చేతిలో డబ్బు ఆడక ఆ పచ్చ ముక్కను కూడా ప్లాట్లు చేసి అమ్మేశాడు. కొన్నవాళ్లు ఇల్లు కట్టుకుందామని ప్లాన్ పెడితే పార్కు స్థలం వదలనందుకు ఒక్కొక్కరికీ ఓపెన్ స్పేస్ చార్జీ పడింది, ప్లాటు విలువలో 14 శాతం, అదీ రిజిస్ట్రేషన్ శాఖ విలువ ప్రకారం. 10 లక్షల ప్లాటుకు 1,40,000 రూపాయలు! వదలాల్సింది 10 అయితే 14 ఎందుకని అందరూ గొడవ చేశారు గానీ, ఎకరంలో రోడ్లకు 20 సెంట్లు, పార్కుకు 10 సెంట్లు పోతే ప్లాట్లకు మిగిలేది 70, ఆ 70లో 10 అంటే నూటికి 14 దాటుతుంది. నాకు తోచిన లెక్క ఇది, తప్పనిపించలేదు.

తప్పు ఎక్కడంటే, స్థలం మింగింది మీ మామ, ఫీజు కట్టింది బస్సు కండక్టర్లూ బడి టీచర్లూ. ఒకామె చంకలో బిడ్డతో వచ్చి మా వాకిట్లో నిలబడి "పార్కు ఏదన్నా?" అని అడిగితే ఈయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు, నేనే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. ఇంకోటి విను. అంతమంది కట్టినా అక్కడ పార్కు రాలేదు. ఎట్లా వస్తుంది, చుట్టూ ఇళ్లు లేచిపోయాక కొనడానికి స్థలమేది? నూటికి ఇంత అని రేటు కట్టడం ప్రభుత్వానికి తేలికే, పోయిన సెంట్లను తిరిగి తేవడమే ఎవరివల్లా కాదు. అందుకే ఫీజు మీద ఆశ పెట్టుకోకుండా స్థలమే ఇవ్వు, ప్లాట్లు అమ్మకముందే ఇవ్వు.

ఇచ్చేది కూడా మూల గుంతలో ఇవ్వద్దురా. మన చేని తూర్పున వంక ఉంది, ఏడాదిలో చాలాకాలం ఎండిపోయి ఉంటుందని దాన్ని పూడ్చి ప్లాట్లు గీస్తావేమోనని నా భయం. 2009 అక్టోబరులో తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి, మిద్దె మీద నా కొంగు పట్టుకొని వణుకుతూ ఉన్నావు. నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం ఇప్పటికీ వాన పెద్దదైతే గుండె దడదడలాడుతుంది. వంకను వంకలాగే వదిలెయ్, పార్కు మధ్యలో పెట్టు, ముసలోళ్లు నడిచి వెళ్లేంత దూరంలో.

ఫీజులు కట్టే రోజుకు డబ్బు తక్కువైతే వడ్డీకి తేవద్దు. నా పెన్షన్ డబ్బులు బ్యాంకులో ఊరికే ఉన్నాయి, అడుగు. మీ నాయనకు చెప్పనక్కర్లేదు, మీ మామకు అసలే వద్దు.