కాలనీలు లెక్కపెట్టే ముందు

అమ్మా,

కణం పెరుగుదలను నడిపే రాస్ జీన్ వల్ల క్యాన్సర్ కణాలు రేడియేషన్‌ను ఎలా తట్టుకుంటాయన్న దాని మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఎలుక కణాల్లో రాస్ ఆంకోజీన్ (క్యాన్సర్‌ను రేపే రూపం) పెడితే అవి రేడియేషన్‌కు మొండికేస్తాయని 1988లోనే చూపించారు. అయినా ఏ కణితిలో, ఎంతవరకు, ఏ దారిన అన్నది ఇంకా తేల్చుకోవాల్సిందే.

ఒక్క గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) డోసు పడితే చాలు, ఒక్కో కణంలో డీఎన్‌ఏ రెండు పోగులూ కలిసి తెగిన చోట్లు 20 నుంచి 40 దాకా ఉంటాయి. వాటిని అతికించుకోగలిగితే కణం బతుకుతుంది. కణం పైపొరలోని ఈజీఎఫ్ఆర్ నుంచి రాస్, పీఐ3కే, ఏకేటీ అనే ప్రోటీన్ల వరసలో పెరగమనే సిగ్నల్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే, తెగిన కొసల్ని కలిపే డీఎన్‌ఏ-పీకే ఎంజైమ్‌కు ఊతం దొరుకుతుంది. పైగా రేడియేషన్ తనంతట తానే ఈజీఎఫ్ఆర్‌ను రెచ్చగొడుతుంది. అంటే మనం వేసిన దెబ్బే రిపేరుకు పిలుపవుతోంది.

అందుకే ఇన్హిబిటర్ (ఆ ప్రోటీన్లను అడ్డుకునే మందు) వేసి సిగ్నల్ ఆపాలనిపిస్తుంది. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ప్రోటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో ఫాస్ఫో-ఏకేటీ (ఆన్‌లో ఉన్న ఏకేటీ) బ్యాండ్ మాయమైతే సిగ్నల్ ఆగిందని మాత్రమే అర్థం. కణం రేడియేషన్‌కు లొంగిందని కాదు. మూడు రోజులకు ఎంటీటీ (బతికున్న కణాల్ని రంగుతో అంచనా వేసే పరీక్ష) చేసి సంబరపడకు. రేడియేషన్ తిన్న కణం రెండు మూడుసార్లు విభజన చెంది ఆ తర్వాత చచ్చిపోవచ్చు. 1956లో హీలా కణాలతో (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) మొదలైన కాలనీ పద్ధతికి, అంటే ఒక్కో కణం గుంపుగా పెరుగుతుందో లేదో చూసే పద్ధతికి, ఇప్పటికీ సాటి లేదు. పలుచగా చల్లి, పది పద్నాలుగు రోజులు కదపకుండా ఉంచి, క్రిస్టల్ వయొలెట్ రంగు వేసి, కనీసం 50 కణాలున్న గుంపునే కాలనీగా లెక్కపెట్టు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. డిష్‌కు 300 కణాలు చల్లామనుకో. మందూ రేడియేషనూ లేని డిష్‌లో 180 కాలనీలు, 4 గ్రే ఇచ్చిన దాంట్లో 36. ఇన్హిబిటర్ వేసి 4 గ్రే ఇస్తే 18. సగానికి పడిపోయిందని అప్పట్లో నేను ఎగిరి గంతేశాను. ఇన్హిబిటర్ ఒక్కటే వేసిన డిష్ లెక్కపెడితే 90 వచ్చాయి. 36ను 180తో భాగించు, 18ని 90తో భాగించు. రెండు చోట్లా 20 శాతమే! మందు తనంతట తాను కణాల్ని చంపింది, రేడియేషన్‌కు అది చేసిన సాయం సున్నా. ఆరు నెలల పని అలా పోయింది. ఆ రాత్రి పడిన బాధ నువ్వు పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మరొకటి. ఇన్హిబిటర్ కణాల్ని విభజన చక్రంలోని జీ1 దశలో (డీఎన్‌ఏ నకలుకు ముందు) ఆపేస్తే, అన్నిటికన్నా ఎక్కువ తట్టుకునే ఎస్ దశ (డీఎన్‌ఏ నకలయ్యే దశ) చివర్లో ఉండేవి తగ్గిపోతాయి. అప్పుడు కనిపించే తేడా రిపేర్‌ది కాకపోవచ్చు. ఏ దశలో ఎన్ని కణాలున్నాయో చూపే ఫ్లో సైటోమెట్రీ తప్పకుండా చెయ్యి. డీఎన్‌ఏ తెగిన చోట్లను చూపే గామా-హెచ్2ఏఎక్స్ చుక్కల్ని అరగంటకు చూసి వదిలెయ్యకు, 24 గంటలకు మిగిలినవే అసలు కథ చెబుతాయి.

డిష్‌లో గెలిచింది రోగి దగ్గర గెలుస్తుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోకు. తల, మెడ క్యాన్సర్‌లో రేడియేషన్‌కు ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే సెటుక్సిమాబ్ జోడిస్తే మధ్యస్థ జీవితకాలం 29 నెలల నుంచి 49 నెలలకు పెరిగిందని 2006లో వచ్చింది. అదే మందును రేడియేషన్‌తోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఇస్తున్నవాళ్ళకు కలిపితే అదనపు లాభం లేదని 2014లో తేలింది. కణితి లోపల ఆక్సిజన్ కరువు కూడా ఉంటుంది. ఆక్సిజన్ లేని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. వీలైతే హైపాక్సియా (ఆక్సిజన్ తక్కువగా ఉంచే) చాంబర్‌లోనూ ఒకసారి చేసి చూడు.

లెక్కపెట్టేటప్పుడు డిష్‌ల మీద లేబుల్స్ ఇంకొకరి చేత మూయించు. ఆశ ఉన్న కళ్ళకు 48 కణాల గుంపు కూడా 50లాగే కనిపిస్తుంది. మొదటి డిష్‌లకు రంగు వేశాక గ్రాఫ్ వద్దు, డిష్‌ల ఫోటోలే పంపు. ఇన్హిబిటర్ ఒక్కటే వేసినవి పైవరసలో పెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు