కంట్రీ పాటకు కోరస్ రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా పల్లె సంగీతమైన కంట్రీ పాటలు పాడిన జిమ్ రీవ్స్ పాటను ఎనిమిది వయొలిన్లకూ పదహారు గొంతులకూ సరిపోయేటట్లు మలచవలసి వచ్చిందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ నీవు రాసిన ఉత్తరం చదివాను. క్రిస్మస్ నెల రాగానే మా సికింద్రాబాదు రైల్వే కాలనీలో ఆయన రికార్డులు వింటూ పెరిగినవాడిని గనుక, ఎంతో ఇష్టంగా ఈ జవాబు రాస్తున్నాను.

కాగితం మీద ఒక్క స్వరమైనా పెట్టకముందే, గాయకుడు ఊపిరి తీసుకునే చోట్లన్నిటినీ సాహిత్యం మీద పెన్సిలుతో గుర్తించుకో. కంట్రీ పాట ఒక మనిషి తన గోడును మరొక మనిషికి చెప్పుకున్నట్లు ఉంటుంది. రెండు మూడు కార్డుల (ఒకేసారి పలికే స్వరాల గుంపుల) మీద నడిచే అటువంటి పాటలో మాట వినబడకపోతే ఇక మిగిలేదేమీ ఉండదు. కనుక కోరస్ పలకవలసినది పాదానికీ పాదానికీ నడుమ దొరికే ఖాళీలోనే. చిన్నతనంలో ఒక చర్చి కార్యక్రమానికి నేను ఇది తెలియక, నాలుగు గొంతులకూ ఆద్యంతం మాటలు రాశాను; పాడినవాళ్లు ఒక్క తప్పూ చేయలేదు, కానీ ముందు వరుసలోని వారికి కూడా పాటలో ఏముందో అర్థం కాలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

1950ల రెండవ సగంలో రాక్ అండ్ రోల్ శ్రోతలను లాక్కుపోతున్నప్పుడు, కంట్రీ సంగీతానికి కేంద్రమైన అమెరికా నగరం నాష్‌విల్‌లో చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ వంటి నిర్మాతలు ఫిడేలునూ స్టీల్ గిటారునూ వెనక్కి జరిపి, మెత్తని కోరస్‌నూ తీగవాద్యాలనూ ముందుకు తెచ్చారు. 1959లో రికార్డయిన 'హీల్ హావ్ టు గో'లో మైకుకు బాగా దగ్గరగా పలికే రీవ్స్ గొంతు వెనుక అనితా కెర్ బృందం ఎంత తక్కువగా పాడిందో, పియానో, వైబ్రాఫోన్ (లోహపు పలకలను కొట్టి మోగించే వాద్యం) ఎంత పొదుపుగా మోగాయో శ్రద్ధగా విను. అందులో వయొలిన్లే లేవు. ఆ తరువాత రే చార్లెస్ 1962లో పాడిన 'ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ' విను. డాన్ గిబ్సన్ రాసిన ఆ పాటలో కోరస్సే పల్లవి అందుకుంటుంది, గాయకుడు దానికి బదులు పలుకుతాడు. అక్కడ అంత పెద్ద బృందం బరువనిపించకపోవడానికి కారణం, ఒకరు పలుకుతున్నప్పుడు మరొకరు చోటు ఇవ్వడమే.

పాటలకు వాద్య, గాత్ర భాగాలు రాసిన రే కానిఫ్ పద్ధతి నీకు మరింత ఉపయోగపడుతుంది. స్వయంగా ట్రాంబోన్ వాద్యకారుడైన ఆయన, గొంతులను మాటలు లేకుండా వాద్యాలతో కలిపి పలికించాడు. స్త్రీల గొంతులు ట్రంపెట్లతోనూ, పురుషుల గొంతులు ట్రాంబోన్లతోనూ జతకలిసి కొత్త వాద్యమేదో మోగుతున్నట్లు వినిపిస్తాయి. నీ దగ్గర ఇత్తడి వాద్యాలు లేవు కనుక ఆల్టో గొంతులను (స్త్రీల కింది స్థాయి గొంతులను) రెండవ వయొలిన్లతో జతచేసి చూడు. మొదట 'ఊ' అనిపించు, నోరు తెరిచి 'ఆ' అనడాన్ని చివరి చరణానికి దాచుకో. వాద్యబృంద నాయకుడు మంటోవానీ రికార్డులలో జలపాతంలా జాలువారే వయొలిన్ల ధ్వనికి మాత్రం ఆశపడవద్దు. ఆయనకు వాద్య భాగాలు రాసిన రోనాల్డ్ బింజ్ 1951లో 'షార్మెయిన్' పాటకు వాడిన ఆ ఏర్పాటులో వయొలిన్లు అనేక భాగాలుగా విడిపోయి, రాగంలోని స్వరాలను ఒకరి తరువాత ఒకరు పట్టి నిలుపుతాయి. ఎనిమిదింటితో అది పలచబడిపోతుంది.

శ్రుతి విషయంలో తొందరపడకు. సొప్రానోల (స్త్రీలలో పై స్థాయిలో పాడేవారి) సౌకర్యం కోసం శ్రుతి పెంచితే రీవ్స్ పాటలోని ఆ సన్నిహితత్వం పోతుంది. రాగాన్ని ఒక మగ గొంతుకే వదిలి, మిగిలినవారిని దాని చుట్టూ నిలబెట్టు. కార్డులను పేర్లతో కాక, జోర్డనేర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ వాడుకలోకి తెచ్చిన అంకెల పద్ధతిలో, అంటే స్వరక్రమంలో వాటి స్థానాన్ని చూపే అంకెలతో రాసుకుంటే, రిహార్సల్‌లో శ్రుతి మార్చవలసి వచ్చినా అంతా తిరగరాయనక్కరలేదు.

మొదటి రిహార్సల్ కంటే ముందుగా, అందరి స్వరాలూ రాసిన స్కోరు నాకు పంపించు. పెన్సిల్ గుర్తులు చెరిపివేయకు, నేను ముందుగా చూసేది వాటినే.

మీ మామయ్య